సార్ మళ్ళీ గరుకు చేసిన రాగిరేకు

పోయిన నెల ఒక పొద్దున సిరిసిల్లలో నేను చీర డిజైను గీస్తూ ఉండగా కోరుట్ల నుంచి మా డ్రాయింగ్ సార్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు" అంది.

బడిలో నాకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో చేత్తో తిప్పే ప్రెస్ పెట్టుకుని, రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చు తీసేవారు. మెజోటింట్ అంటారు. పళ్లున్న ఉక్కు పనిముట్టుతో రేకంతా గరుకు చేస్తే అచ్చు నల్లగా వస్తుంది. తర్వాత వెలుగు కావలసిన చోటల్లా గీకి నునుపు చేయాలి. నాకేమో ఎప్పుడూ తొందరే. "ఆగు బిడ్డా, ముందుగాల చీకటిని మంచిగ నిండనియ్యి. ఎలుగు యాడికి పోతది?" అనేవారు. చాయ్ కూడా చల్లారాకే తాగే మనిషి మరి!

పోయినేడు మా అమ్మ పుట్టిన బుగ్గారం పొలాలను నేను రంగుల్లో వేస్తే, సార్ ఆ బొమ్మను రేకు మీద చెక్కుతానన్నారు. అచ్చు కింద ఎడమ పక్క బొమ్మ వేసిన నా పేరు, కుడి పక్క చెక్కిన ఆయన పేరు ఉంటాయన్నారు. చిన్నపిల్లలా సంబరపడ్డాను. నెలల తరబడి చెక్కి, మొదటి అచ్చు తీసి అమ్మకు చూపించారు.

"బొమ్మ మంచిగున్నది సారూ. గని మా తాటిచెట్లు వాగుకు గీ దిక్కు ఉండయి గదా, గా దిక్కుంటయి" అంది అమ్మ. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని మా అందరికీ చెప్పిన మనిషే, సంబరంలో రేకు మీద బొమ్మను తిప్పి గీసుకోవడం మరిచిపోయారు.

అప్పటికే ఆయనకు ఒంట్లో బాగాలేదు, చేతులు వణుకుతున్నాయి. "వదిలేయండి సార్, ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"మీ అమ్మకు తెలుస్తది గదనే" అంటూ రేకును అరగదీసి మళ్ళీ గరుకు చేయడం మొదలుపెట్టారు. ఈ ఒక్క బొమ్మ పూర్తయ్యేదాకా ఆయన ఉంటే చాలని మొక్కుకున్నాను.

పూర్తి కాలేదు. దినాలయ్యాక ఆయన కూతురూ నేనూ ఆ రేకుకు సిరా పట్టించి ప్రెస్ తిప్పాం. పొలం, వాగు, అమ్మ చెప్పిన దిక్కునే తాటిచెట్లు. ఆకాశమంతా నలుపే.

"మిగిలింది నువ్వు గీకుతవా అక్కా?" అని అడిగింది.

గీకడం నాకు వచ్చు. కాని చెట్ల వెనక, నేలను ఆనుకుని, ఆయన చివరిసారి తీసిన సన్నటి వెలుగొకటి ఉంది. చెయ్యి వణికిన చోటల్లా వంకర తిరిగి, సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

వద్దన్నాను.