ఏటిమొగలో వల

ఫింటన్ హెషన్‌ను మా ఊళ్లో చాలాకాలం ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. చాడీకోరు అనేవారు, అంటే సొంతవాళ్ల గుట్టు సర్కారుకు చేరవేసేవాడని. ఇంగ్లీషు దొరల కాలం నుంచి మా ఐర్లండులో మనిషిని అంతకంటే హీనంగా తిట్టే మాట లేదు. నేను సరస్సు చుట్టూ సైకిలు మీద ఉత్తరాలు పంచేదాన్ని కనుక, ఆయన గుమ్మంలో ఆగి మాట్లాడే కొద్దిమందిలో ఒకతెను.

ఆయన చేసిన నేరమల్లా చేపల కావలి ఉద్యోగం. మా సరస్సులో ట్రౌట్ చేపను గాలంతో పట్టుకోవచ్చు గానీ వల వేయకూడదు. నవంబరులో గుడ్లు పెట్టడానికి చేపలన్నీ ఏరు సరస్సులో కలిసే ఏటిమొగ దగ్గరికి చేరతాయి. అక్కడ అడ్డంగా ఒక్క వల కడితే చాలు, రాబోయే ఐదారేళ్ల పంట తుడిచిపెట్టుకుపోతుంది. ఆ వల వేసేవాళ్లలో ఒకప్పుడు ఫింటన్ కూడా ఉన్నాడు. ఇరవయ్యో ఏట ఒక పొద్దున తండ్రితో కలిసి వల లాగితే, పెద్ద ఆడచేప ఒకటి పడవలో పడి కొట్టుకుంటూ నారింజరంగు గుడ్లన్నీ ఆయన చేతుల మీదే కార్చేసి చచ్చిపోయిందట. "ఆరోజు నాకు ముద్ద దిగలేదమ్మాయ్" అనేవాడు. మళ్లీ వల ముట్టలేదు. కొన్నాళ్లకు కావలి ఉద్యోగం ఖాళీ పడితే, తండ్రి వద్దంటున్నా చేరాడు. చర్చిలో ఆయన కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోవడం మానేశారు.

తొంభై ఒకటో సంవత్సరం నవంబరులో ఒక మధ్యాహ్నం, తోటి కావలివాడికి జ్వరం వస్తే ఫింటన్ ఒక్కడే పడవ తీశాడు. గాలి విసురుగా ఉంది. ఏటిమొగలో నీటికి జానెడు కింద వలను తేల్చే బెండ్ల వరస కనిపించింది. వల లాగబోతుంటే దాని తాడు ఇంజను రెక్కకు చుట్టుకుంది. పడవ అడ్డం తిరిగింది. వెనకనుంచి వచ్చిన అల దాన్ని నింపేసింది. ఫింటన్ నీళ్లలో పడ్డాడు. కాళ్లు వలలో చిక్కుకున్నాయి. ఆయనకు ఈత రాదు.

రెల్లు చాటున మరో పడవ ఉంది. వల వేసిన ప్యాకీ లాలీ, కావలివాడు ఎప్పుడు పోతాడా అని అందులో నక్కి కూర్చున్నాడు. ఫింటన్‌తో ఒకే బడిలో చదువుకున్నవాడే. ఊరుకుంటే అడిగేవాడు లేడు. కానీ ప్యాకీ తెడ్లు పట్టుకున్నాడు. నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూనే తన వలను తన కత్తితోనే కోసి, ఫింటన్‌ను జుట్టు పట్టి పైకి లాగాడు.

ఇంటికి తీసుకుపోయాక ప్యాకీ భార్య అట్రాక్టా దుప్పట్లు కప్పి, విస్కీ కలిపిన టీ చేతికిచ్చింది. వణుకు తగ్గాక ఫింటన్ అడిగాడు.

"ఆ వల ఎవరిదిరా?"

"నీళ్లలో దొరికింది. నీళ్లనే అడుగు."

"పరాయివాడి వల కోస్తూ ఎవడైనా అంతలా ఏడుస్తాడా?"

ప్యాకీకి నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. "రాసుకోరా, కేసు రాసుకో! నిన్ను ఇంకో రెండు నిమిషాలు నాననివ్వాల్సింది."

"రాస్తానురా. నన్ను లాగింది కూడా రాస్తాను."

"ముందు ఆ టీ తాగి చావండి," అంది అట్రాక్టా. "తర్వాత ఏం రాసుకుంటారో రాసుకోండి."

ఫింటన్ అన్నట్టే చేశాడు. కోర్టులో నిలబడి వల ప్యాకీదేనని చెప్పాడు. అడగకముందే, ఇవాళ తను బతికి ఉన్నది కూడా ప్యాకీ వల్లేనన్నాడు. జడ్జీ జరిమానా వేసి, పడవను మాత్రం జప్తు చేయకుండా వదిలేశాడు. ఊరు మండిపడింది. "ప్రాణం పోసినవాణ్ణే బోనెక్కించాడు!" అన్నారు. ఆ వారం నేను ఉత్తరం ఇవ్వబోతే ఆయన ముఖం పీక్కుపోయి ఉంది.

"నిద్ర పట్టట్లేదమ్మాయ్. వదిలేద్దామనుకున్నా. కానీ నిన్న మిగతావాళ్లను పట్టుకుని, ఇవాళ వీణ్ణి వదిలేస్తే నా నోటిమాటకి విలువేముంటది?"

నాలుగేళ్లు ప్యాకీ ఆయనతో మాట్లాడలేదు. వల కూడా వేయలేదు. ఆ తర్వాత ఒక అక్టోబరులో గాలాలవాళ్ల సంఘం మీటింగు పెట్టి, ఏటిమొగ కాపలాకు మనుషులు కావాలని అడిగింది. హాలంతా నేల చూపులు చూసింది. వెనక వరసలో ప్యాకీ లేచాడు.

"నేనొస్తా. దొంగ ఎక్కడ దాక్కుంటాడో నాకు తెలిసినట్టు మీకెవరికీ తెలీదు. పైగా ఈ వెధవకి ఈత రాదు. ఎవడో ఒకడు పక్కనుండాలి కదా."

అందరూ నవ్వారు. ఫింటన్ నవ్వలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, దాని అంచు నలుపుతూ కూర్చున్నాడు.

వాళ్లు మళ్లీ చిన్ననాటి స్నేహితులైపోయారని చెప్పను. పడవలో ఒకడు ఈ కొసన, ఒకడు ఆ కొసన కూర్చునేవాళ్లు. వాతావరణం గురించి తప్ప పెద్దగా మాటల్లేవు. పదమూడేళ్లు అలాగే కాపు కాశారు. మొదటి రెండేళ్లలో ఆరు వలలు దొరికాయి. తర్వాత ఏడాదికొకటి, ఆ తర్వాత అదీ లేదు. ఇప్పుడు నవంబరులో ఏటి మీది వంతెనపై నిలబడితే, గుడ్లు పెట్టడానికి గులకరాళ్లలో తోకతో గుంటలు తవ్వుకుంటున్న ఆడచేపలు కంటికి కనిపిస్తాయి. మా ఊరి పిల్లలు బడికి ఆలస్యమయ్యేది వాటిని చూస్తూనే.