చెల్లెలు లెక్కలోంచి తీసేసిన బొమ్మ

మొన్న గురువారం పొద్దున పూజ ముగించి లేస్తుంటే నాగపూర్ నుంచి మా చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. "వదినా, పోయింది" అన్నాడు. మూడు నెలలుగా మంచం పట్టిన మా చిన్న చెల్లెలు. నాకంటే పన్నెండేళ్లు చిన్నది.

మెదడు స్కాన్ బొమ్మలు చదవడం ఆమె పని. స్కాన్ మెషీన్‌లో మనిషి ఊరికే పడుకున్నా మెదడు ఊరుకోదట. ముందెక్కడో ఒక చోట, వెనకెక్కడో ఒక చోట పని కలిసి పెరిగి, కలిసి తగ్గుతుందట. అలా జతగా కదిలే చోట్లను కంప్యూటర్ ఏరి, ఒక్కో జట్టును ఒక్కో బొమ్మగా ఇస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"లోపల ఇంత నడుస్తుంటే మనకు చప్పుడన్న వినబడదు కదనే" అన్నాను.

చంద్రపూర్‌లో మా గని కాలనీ పిల్లలం ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అలాంటివారు ఒక గుంపు. ఇంట్లోనూ బడిలోనూ మరాఠీయే అయినవారు ఇంకో గుంపు. ఆ రెండు గుంపుల బొమ్మలను పోల్చడమే ఆమె పీహెచ్‌డీ. ఇంటింటికీ తిరిగి, బతిమాలి, మనుషులను నాగపూర్ తీసుకెళ్లేది. నేనూ వెళ్లి స్కాన్ తీయించుకున్నాను.

మూడేళ్లకు తేడా కనిపించింది. ఆ సంతోషంతో ఇంటికొచ్చి, టీ తాగుతూ ల్యాప్‌టాప్ తెరిచింది.

"అక్కా, అందరిల నీ బొమ్మ ఒక్కటే వేరే తీరుగ ఉంది. లోపల ఏం జేసినవ్?"

"ఏం జేస్త? రామ రామ అనుకున్న."

"ఏం అనుకోకుంట ఊరికె ఉండుమన్న కద!"

"నేను ఊరికె ఉండుడంటే గదేనే."

పడి పడి నవ్వింది. "దేవునికన్న జరసేపు సుట్టీ ఇయ్యరాదు?" అంటూనే ఆగిపోయింది. టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

నన్ను తీసేసి మళ్లీ లెక్క వేసింది. తేడా పలచబడింది. తర్వాత ఎవరిది ఏ గుంపో చూడకుండా పేర్లు కలగలిపి, రెండు గుంపులుగా పంచి, పదే పదే వేసింది. అలా కలిపినా అంత తేడా వస్తూనే ఉంది. "పేర్లు కలిపేసినంక గుడ వచ్చే తేడా, తేడా కాదక్కా" అంది. మిగతావాళ్లు లోపల ఏమనుకున్నారో తాను అడగనే లేదని అప్పుడే ఆమెకు తట్టింది.

"ఎవలకు తెలుస్తది? ఉండనియ్యి. మూడేండ్ల కష్టం" అన్నాను. జపమాల తిప్పేదాన్నై ఉండి ఆ మాట అన్నాను.

"నీ రామునికి తెల్వదా?"

ఆమె ఏనాడూ గుడికి వచ్చింది కాదు.

ఆ సాయంత్రమే తన పీహెచ్‌డీ గైడ్ సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడు పొద్దున నన్ను తోడు తీసుకుని కాలనీలో మొదటి క్వార్టర్ తలుపు కొట్టింది. బనియన్ మీదున్న పెద్దాయన తలుపు తీశాడు.

"మళ్లొచ్చినవా బిడ్డా? పోయినసారి నాకు మెదడు దొరకలేదా ఏంది?"

"దొరికింది కాకా. నేనే సరిగ్గ అడగలే. మళ్ల మొదటికెళ్లి చేద్దాం."

నా వైపు చూడనైనా చూడలేదు. కొత్త నోట్‌బుక్‌ను గోడకు ఆనించి, మొదటి గీత మీద పెన్ను పెట్టి, ఆయన పేరు చెప్పేదాకా అలాగే నిలబడింది.