ఎవరిదీ కాని కుండ

మొన్న మా మహిళా సంఘానికి మున్సిపాలిటీ వాళ్లు అంగన్‌వాడీలో వంటపాత్రలకని కొంత డబ్బు ఇచ్చారు. పెద్దదాన్నని నన్ను ముందు కూర్చోబెట్టి మొదటి సంతకం పెట్టమన్నారు. మనవరాళ్ల పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని కదా, నా పేరు పూర్తయ్యేలోపు తెచ్చిన చాయ్ చల్లారింది. "అవ్వా, జర పొట్టి పేరు పెట్టుకోకపోతివా" అని అమ్మాయిలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మా మేనత్త గుర్తొచ్చి అన్నం సయించలేదు.

ఇబ్రహీంపట్నం చెరువు దిగువన మా వాడలో ఆడవాళ్లందరూ కూలికి పోయేవారే. పురుడు పోసుకున్న మనిషి కూడా ఒళ్లు ఆరకముందే మళ్లీ నాట్లలో దిగాల్సి వచ్చేది. మేనత్త దానికో దారి పెట్టింది. ప్రతి ఇంట్లో జొన్నలు విసిరే ముందు ఒక పిడికెడు తీసి, సున్నం బొట్టు పెట్టిన చిన్న కుండలో వేయాలి. ఎవరింట్లో కాన్పయితే ఆ కుండలన్నీ వాళ్లింటికి పోతాయి. అవి తింటూ బాలింత నెల్లాళ్లు ఇంటిపట్టున ఉండాలి. కుండ ఎవరింట్లో ఉన్నా 'మాది' అనకూడదన్నది అత్త పెట్టిన కట్టడి. మా అమ్మ ఒకసారి నోరు జారి 'మా కుండ' అంటే, "నీదైతే మళ్ల నువ్వే కను పో" అని వాడంతా వినేలా అత్త ఎగతాళి చేసింది.

నిజాంను దించిన పోలీసు యాక్షన్ అయ్యాక, అడవిలో దాగిన కమ్యూనిస్టు దళాల వాళ్లను వెతుకుతూ మిలిటరీ మా వాడకు వచ్చింది. మా వదిన అప్పుడే కాన్పయి పడుకుని ఉంది. కుండలు ఇంకా మా ఇంటికి చేరలేదు. మొదటి ఇంట్లో కుండ చూపించి ఎవరిదని అడిగారు. మాది కాదన్నారు. పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అలవాటు కొద్దీ అదే జవాబు. తిండికి లేని ఇళ్లలో ఒకే గుర్తున్న కుండలు, ఎవరివీ కాని జొన్నలు. అడవిలో ఉన్నవాళ్లకే దాస్తున్నారని వాళ్లు తేల్చుకున్నారు. మగవాళ్లను వరుసగా నిలబెట్టేసరికి మేనత్త ముందుకొచ్చింది.

"గవి బాలింతలకని పెట్టినయి. పెట్టిచ్చింది నేను. ఇండ్లోళ్లను ఏమనకుండ్రి."

కుండలు పగలగొట్టి, జొన్నలు బండికెత్తి, అత్తను తీసుకుపోయారు. వదిన నడుముకు గుడ్డ బిగించుకుని నాట్లకు పోయింది. జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. పిల్ల దక్కలేదు.

అత్త జైలు నుంచి వచ్చేసరికి రోజులు కుదుటపడ్డాయి. ఊరి బాగుకు పదిమంది కలిసి పేర్లు రాయించి ముందుకొస్తే సర్కారు కొంత సాయం చేస్తుందని తాలూకా కచేరీ నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు. కాన్పులకు ఒక గది కట్టించుకోవచ్చని అత్త ఆశపడి ఇల్లిల్లూ తిరిగింది. అందరూ కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు. తమ పేరు రాయించడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి మా ఇంటికొచ్చి వదినను అడిగింది. వదిన చాటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు.

"నా పిల్లనే పాయె అత్తా. నాకిగ ఎవలతోని పని లేదు."

అత్త లేచి వెళ్లిపోయింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సర్కారు సాయం వేరే ఊరికి పోయింది.

పదిమందితో కలిసి పేరిస్తే ఏమవుతుందోనన్న ఆ భయం మా వాడలో చాలా ఏళ్లు ఉండిపోయింది. కాలం దాన్నీ తీసుకుపోయింది, కానీ అంతకంటే ముందే అత్తను తీసుకుపోయింది.