గెలాడెన్

సూళ్లూరుపేట దగ్గర మిషను బంగళాలో వంటవాడు సమాధానం. పేరుకు తగ్గ మనిషి. తాగినోళ్లు తన్నుకుంటున్నా మధ్యలోకి పోయి, భుజం మీద చెయ్యేసి, నాలుగు మంచి మాటలు చెప్పి విడదీసేవాడు. ఆ పిచ్చి ధైర్యమే కొంప ముంచింది, ఏం చెప్పేది!

బంగళాలో ఉండేది జర్మనీ దొర. తెలుగులో ప్రసంగం దంచేవాడు గానీ, కోపమొస్తే మొహం కందగడ్డే. అప్పుడు దొరసాని వంటింట్లోకి తొంగిచూసి, "గెలాడెన్!" అని గుసగుసగా చెప్పిపోయేది. దొర మండిపడతా ఉన్నాడని చెప్తా ఉందని సమాధానానికి తెలిసిపోయింది. ఆ మాట వాళ్లింటికీ పాకింది. "మీ అమ్మ ఈ పొద్దు గెలాడెన్! చారులో ఉప్పు తక్కువైందంట," అనేది పెళ్లాం జయశీల. పడీపడీ నవ్వుకునేవాళ్లు.

అరవై రెండో సంవత్సరం, చలికాలం. పులికాట్‌లో బాతుల వేటకని బయల్దేరిన దొర, తుపాకీ జీపుకు ఆనించి టోపీ కోసం లోపలికి పోయినాడు. అంతలో సమాధానం చెల్లెలు పరంజ్యోతి, నెత్తి పగిలి రక్తం కారతా, గేట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, చంపేస్తన్నాడన్నా!"

వెనకాలే తాగుబోతు మొగుడు ఓబయ్య, చేతిలో రోకలి. జీపు కనపడగానే రోకలి పారేసి తుపాకీ ఎత్తినాడు ఆ పాపిష్టోడు.

దొర వరండాలోకొచ్చి చూసినాడు. భయంలో నేర్చిన తెలుగంతా ఎగిరిపోయింది. "గెలాడెన్! గెలాడెన్!" అని గావుకేక పెట్టినాడు.

'కోపంగా ఉన్నాడని చెప్తాడేంది, నాకు కళ్లు లేవా?' అనుకున్నాడు సమాధానం. వేటకు పోయే తుపాకీలో చెరువు కాడికి పోయినాకే తూటా పెడతారని వాడి నమ్మకం. "ఓబయ్యా, ఇటియ్యి నాయనా," అంటా గొట్టం పట్టుకుని పక్కకి లాగినాడు.

పేలింది. సమాధానం వేళ్లు ఎగిరిపోయినాయి. పక్కనున్న పరంజ్యోతి రొమ్ము పట్టుకుని కూలబడింది, మళ్లీ లేవలా. ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తని సమాధానం, మిగిలిన చేత్తో ఆ రోకలే తీసుకుని ఓబయ్యను ఎముకలు విరిగేదాకా బాదినాడు. దొరా జీపు డ్రైవరూ కలిసి లాగితే గానీ వదల్లా.

ఆసుపత్రిలో దొర మంచం పక్కన కూర్చుని ఏడ్చినాడు. "గెలాడెన్ అంటే తూటా నింపి ఉందని, సమాధానం. కోపమొచ్చిన మనిషిని కూడా మేం అట్లాగే అంటాం."

"ఆదివారం ఆదివారం తెలుగులోనే అరుస్తారు గదయ్యా," అన్నాడు సమాధానం. "ఆ ఒక్క మాట తెలుగులో అరిచుంటే నా చెల్లెలు బతికేది గదా!"



ఆ తర్వాత ఊళ్లో ఎవరు తన్నుకున్నా సమాధానం మధ్యలోకి పోలేదు. పరంజ్యోతి బిడ్డ ఎలిశబెతును తనే పెంచినాడు. వీధిలో ఎవరన్నా గొంతు పెంచితే చాలు, ఆ పిల్లను చంకనేసుకుని ఇంట్లోకి పరిగెత్తి తలుపు గడియ పెట్టేవాడు.