నా క్లయింట్‌ను నేనే ముంచిన

మొన్న కరీంనగర్‌ల నేను చేసిన పని యాదికొస్తే ఇప్పటికీ సిగ్గైతుంది. ఎదుటి వకీళ్లకు పని లేకుంట, నా క్లయింట్‌ను నేనే ముంచిన!

మాది ఇచ్చోడ దిక్కు. కరీంనగర్‌ల లా చదువుతున్న. మా కాలేజీల మూట్ కోర్ట్ పోటీ పెట్టిండ్రు. అంటే ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి కోర్టు. చెమటలు మాత్రం అసలువే! ఈసారి పర్యావరణం కేసు. ఊరి పక్కన కంకర క్రషర్, దాని దుమ్ముకు ఊరోళ్లు పరేషాన్. నేను ఊరోళ్ల దిక్కు వాదిద్దామనుకున్న. చీటీ తీస్తే మా జట్టుకు కంపెనీ దిక్కు వచ్చింది.

"ఫికర్ చెయ్యకే స్టెల్లా," అన్నది నా జోడీ రవళి. "పర్మిషన్లున్నయ్, దుమ్ము లేదు, ఊరోళ్లు ఊకెనే గింతదాన్ని గంత చేస్తుండ్రు. గంతే చెప్పు."

గంతే చెప్పిన. మస్తు చెప్పిన! "దుమ్మన్నది వాళ్ల ఊహ మై లార్డ్" అని చెయ్యి గూడ ఊపిన. రవళి మొఖం వెలిగిపోతుంది. గప్పుడు జడ్జీగ కూసున్న సీనియర్ వకీలమ్మ కండ్లద్దాలు తీసి అడిగింది.

"మీరెప్పుడన్న క్రషర్‌ను దగ్గర్నుంచి చూసిండ్రా?"

చూడలే అంటే అయిపోతుండె. నా నోరు ఊకుంటదా!

"చూడకేంది మేడం! మా ఇంటెనకనే ఉన్నది. పొద్దుగాల ఆరేసిన బట్టలు పగటీలికి సున్నమేసినట్టైతయ్. మా అవ్వ అన్నం గిన్నె మీద మూత పెట్టి, దాని మీద బట్ట కప్పుతది. మా తాతకైతే దగ్గు ఆగదు..."

రవళి నా కాలు తొక్కింది.

"ఎందుకు తొక్కుతున్నవే?" అని మైకులనే అడిగిన. హాలంత పక్కున నవ్వింది.

గప్పుడు తెలివొచ్చింది. ఇగ ఏం చేద్దు? "అందుకే మై లార్డ్, మా కంపెనీ చుట్టూ రేకులు కొడ్తది, నీళ్లు చల్లుతది, బడి టైముల మిషన్ బంద్ పెడ్తది..."

"గివెప్పుడు రాసుకున్నమే?" అని రవళి గొణిగింది.

"ఇప్పుడే!"

తర్వాత ఎదుటి టీం పిల్ల లేచి, "ఆమె చెప్పిందే మా వాదన మై లార్డ్" అని కూసున్నది. ఓడిపోయినం. రవళి ఫైలు ఎత్తుకొని ఇసురుగ బయటికి పోయింది.

అంతల వకీలమ్మ నన్ను పిలిచింది. తిట్లు తప్పవనుకున్న.

"కేసు ఓడగొట్టినవ్ బిడ్డా. కానీ దుమ్ము తిన్నోళ్లకు ఏం కావాల్నో నీకు ఎరుకున్నది. నా దగ్గర గిసోంటి కేసులు నిజంగనే ఉన్నయ్. సెలవులల్ల ఆఫీసుకు రా. ఊరోళ్ల దిక్కే కూసోబెడ్త."

నేను గాల్ల తేలుకుంట బాపుకు ఫోన్ చేసిన.

"గెలిచినవా బిడ్డా?"

"ఓడిన బాపు. కానీ పని దొరికింది!" అని జరిగిందంత చెప్పిన.

బాపు నవ్వి నవ్వి, జర దమ్ము తీసుకొని అన్నడు. "మనింటెనక క్రషర్ ఓనర్‌కు నీ నంబర్ ఇయ్యనా? వకీలుగ నిన్నే పెట్టుకొమ్మని చెప్త!"