తిరగేసి చూసే మేస్త్రి

మా వీధి వడ్రంగి మేస్త్రి పోయారని నిన్న తెలిసింది. ఏ కుర్చీనైనా ఆయన తిరగేసి చూసేవారు. పైభాగం మీద ఆయనకు నమ్మకం లేదు.

అమ్మకు తుంటి ఆపరేషన్ అయ్యాక, చేతులు ఆన్చి తనంతట తాను లేవడానికి గట్టి కుర్చీ అవసరమైంది. రామచంద్రపురంలో షాపుకు ఆయన్ని వెంట తీసుకువెళ్లాను. నాకు నచ్చిన టేకు కుర్చీని తిరగేశారు.

"పాలిష్ పైనేనండి. అడుగున పచ్చి చెక్క వదిలేశారు. చెమ్మ ఇక్కణ్ణుంచే ఎక్కుద్దండి. అతుకుల్లో ఇనప మేకులు. రెండు వానాకాలాలకి తుప్పట్టిపోతాయి."

షాపతను నవ్వాడు. "కుర్చీలో కూర్చుంటారా మేస్త్రీ, కింద పడుకుంటారా?"

"కూర్చున్నోళ్లు కింద పడకూడదనేనండి!"

మూలనున్న నల్లటి మోటు కుర్చీని ఎంచుకున్నారు. అతుకుల్లో చెక్క మేకులే; అడుగున కూడా నూనె పట్టించి ఉంది. అది చూడగానే నా ముఖం చిన్నబోయింది.

ఇంటికొచ్చాక అమ్మ అందులో కూర్చుని, చేతులు ఆన్చి, ఎవరి సాయం లేకుండా లేచింది. మేమంతా ఆమెనే చూస్తున్నాం. మేస్త్రి మాత్రం నేలమీద కూర్చుని, కుర్చీ కాలి అతుకుమీద అరచెయ్యి వేసి ఉంచారు. అమ్మ నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాకగానీ ఆ చెయ్యి తీయలేదు.