స్పిరిట్ జాడీలో సముద్రపు నత్త

ఒక మనిషి నోటికాడి కూడు లాగేశాను. ఏళ్ల తరబడి ఆ సంగతి కడుపులో దాచుకుని పెద్దమనిషిలా తిరిగాను. మీకు చెబుతున్నాను గానీ నన్ను ఓదార్చకండి. ఒళ్లు మండుతుంది.

అరవైల్లో అనంతపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌ని. మస్తాన్ మా ల్యాబ్ అటెండరు. శింగనమల వైపు మనిషి, అయిదు పూటలా నమాజు తప్పేవాడు కాదు. ఒకసారి సముద్రం అడుగునుంచి తీసిన నత్త ఒకటి, కుళ్లకుండా స్పిరిట్ పోసిన జాడీలో రైలెక్కి మా దాకా వచ్చింది. వేసవి సెలవులయ్యాక పొట్ట కోసి అదేం తిన్నదో చూడాలన్నాడు ప్రొఫెసరు. ఆ ఆత్రం నాకంటే మస్తాన్‌కే ఎక్కువ. వెలుతురు లేని చోట ఏం తింటుందని నన్ను వేధించేవాడు. దాని పూర్వీకులు ఒడ్డున రాళ్ల మీది పాచి గీరి తినేవని, తరతరాలుగా లోతుకు దిగి, పాచి మొలవని ఆ చీకట్లో పైనుంచి రాలే కుళ్లుకూ బురదకూ అలవాటు పడ్డాయని పుస్తకంలోది అప్పజెప్పాను. కరువులో గంజి కేంద్రం ముందు కూర్చున్న తమ ఊరివాళ్లలాగే అని నవ్వాడు.

మా ఎండలకు మూత సందుల్లోంచి స్పిరిట్ ఎగిరిపోతుంది. అందుకే సెలవులకు ముందు ప్రతి జాడీ మూతకూ మైనం కరిగించి పూయాలి. ఆ ఏడు ఆ పని నాది. మస్తాన్ గుర్తు చేశాడు కూడా. బస్సు తప్పుతుందని పూయకుండా పోయాను. తిరిగొచ్చేసరికి స్పిరిట్ అడుగంటింది. మద్యనిషేధం రోజులు. స్పిరిట్‌నూ తాగేస్తారని, గరిటెడు కావాలన్నా కారణం రాసి సంతకం పెట్టాలి. ఏమని రాయను? జాడీలో కుండ నీళ్లు పోసేశాను. చదువుకున్న గాడిదను! మూడో రోజుకు నత్త కుళ్లి ల్యాబంతా కంపు.

జాడీలో ఉన్నది నీళ్లని కనిపెట్టి ప్రొఫెసరు మా ఇద్దరినీ పిలిచాడు.

"స్పిరిట్ ఎవడు తాగినాడు?"

"మాయమ్మ మీద ఒట్టు సార్, నేను ముట్టలే." మస్తాన్ నావైపు తిరిగాడు. "నా సంగతి నీకు తెల్సు గదా సార్. చెప్పు."

"వీని నోట్లో రెండు మూడుసార్లు వాసనొచ్చింది సార్," అన్నాను.

ఊరుకుని ఉంటే చాలదా? ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదే? అటెండరు మాటకంటే నా మాట నమ్మడం సులువైన ఆ ప్రొఫెసరు మీద ఇప్పటికీ కోపమొస్తుంది, ఆ వెంటనే అబద్ధం అతనిది కాదని గుర్తొచ్చి, ఆ కోపమంతా తిరిగొచ్చి నా మీదే పడుతుంది.

ఆ పూటే మస్తాన్ ఉద్యోగం పోయింది. ఏడవలేదు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తాగుబోతని ఊళ్లో పేరు పడిందని, మసీదులో పక్కన నిలబడేవాళ్లు జరిగి నిలబడ్డారని విన్నాను. అప్పుడైనా నోరు విప్పానా? లేదు.

కొన్నేళ్లకు అలాంటి నత్త మరొకటి వచ్చింది. నేనే కోశాను. పొట్ట నిండా బురద. అందులో పైనుంచి రాలిన చేప పొలుసు ఒకటి. చూశావా మస్తాన్ అంటూ పక్కకు తిరిగాను. కొత్త అటెండరు ముక్కు మూసుకుని నిలబడి ఉన్నాడు.

మస్తాన్ ఇప్పుడు లేడు. క్షమించడానికి మీరెవరు? ఇది రాస్తే కాస్త ఊపిరాడుతుందని రాస్తున్నాను, అంతే. మూతకు మైనం పూయనిది నేను. నీళ్లు పోసింది నేను. మస్తాన్ తాగలేదు.